పటాలంలో చేరి యుద్ధఖైదీ అయిన తాతగారి జాడ వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో దాదాపు 25 లక్షల మంది పనిచేశారు. వాళ్లలో 60 వేలకు పైగా జపాన్, ఇటలీ, జర్మనీ సైన్యాల చేతికి చిక్కారు. ఆ ఖైదీల్లో మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల వాళ్లున్నారు, నిజాం రాజ్యం వాళ్లున్నారు. ఇళ్లలో మాత్రం చాలాచోట్ల మిగిలింది ఒక్క వాక్యం: "తాత పటాలంలో చేశాడు, జపానోళ్లకి దొరికిపోయాడు." మా ఇంట్లోనూ అంతే. మా అమ్మమ్మ వాళ్ల అన్నయ్య సింగపూర్‌లో చిక్కారని మాత్రమే మాకు తెలుసు. ఆ వాక్యం వెనక ఏముందో తెలుసుకోడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఆ దారిలో నేర్చుకున్నవి, ఇదే వెతుకులాటలో ఉన్నవాళ్లు నన్ను పదేపదే అడిగినవి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లోనే. ఆర్కైవ్స్‌కీ ఢిల్లీకీ ఉత్తరాలు రాసే ముందు అటక మీది ట్రంకుపెట్టె దింపండి. మీకు కావలసింది ఒకే ఒక్క అంకె, ఆయన సైనిక నంబరు. ఒకే రెజిమెంటులో ఒకే పేరున్న సిపాయిలు పదుల సంఖ్యలో ఉండేవారు. వాళ్లను వేరుచేసి చూపేది ఆ నంబరే. డిశ్చార్జి బుక్కు దొరికితే సగం పని అయినట్టే. నంబరు, హోదా, దళం, చేరిన తేదీ, విడుదలైన తేదీ, ఒంటి మీది పుట్టుమచ్చలు, తండ్రి పేరు, ఊరు, తాలూకా అన్నీ అందులో ఉంటాయి. అది లేకపోతే పింఛను పుస్తకం, మనియార్డరు రసీదులు, ఉత్తరాల కవర్లు, ఫోటోల వెనక రాతలు చూడండి. యూనిఫాంలో దిగిన ఫోటో ఉంటే టోపీ మీది బిళ్ల, భుజం మీది ఇత్తడి అక్షరాలు కనిపించేలా పెద్దది చేయించండి. ఆ అక్షరాలు ఆయన ఏ దళమో చెప్పేస్తాయి.

తర్వాత పెద్దవాళ్లను కదిలించండి. "తాత యుద్ధం గురించి ఏం చెప్పేవారు?" అని అడిగితే "ఏమీ చెప్పేవాడు కాదు" అంటారు. "డబ్బులు ఏ పోస్టాఫీసుకి వచ్చేవి? ఎన్నాళ్లు ఆగిపోయాయి? ఏ ఊళ్లో రైలు దిగి ఇంటికొచ్చారు? వచ్చినప్పుడు ఒంట్లో ఎలా ఉన్నారు?" అని అడగండి. ఇలాంటి చిన్న ప్రశ్నలకు జ్ఞాపకం లేస్తుంది. మా పెద్దమ్మకి యుద్ధం గురించి ఏమీ తెలియదు. కానీ నెలనెలా డబ్బు తెచ్చే పోస్ట్‌మాన్ రాకపోతే వాళ్లమ్మ వాకిట్లోనే కూర్చుండిపోయేదన్నది గుర్తుంది. సైనికులు జీతంలో కొంత ఇంటివాళ్లకు పంపే ఏర్పాటు చేసుకునేవారు. ఆ డబ్బు ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మళ్లీ మొదలైంది అన్నదాన్ని పట్టుకుని మేం ఆయన ఖైదు కాలాన్ని దాదాపు గుర్తించగలిగాం.

నంబరు ఎక్కడా దొరకడం లేదు. ఇక దారి లేదా?

ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఒకప్పుడు దాన్ని సోల్జర్స్ బోర్డు అనేవారు. మాజీ సైనికులు, వాళ్ల భార్యలు సాయం కోసం పేరు నమోదు చేయించుకున్న చోటు అది. మీ తాతగారు పింఛను రాని సైనికుడైనా, అమ్మమ్మగారో నాయనమ్మగారో ఎప్పుడో యుద్ధ సాయానికి దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఆ కాగితంలో నంబరు ఉంటుంది.

రెండోది భూమి. మాజీ సైనికుడి కోటాలో ప్రభుత్వం భూమి ఇచ్చి ఉంటే ఆ డి-పట్టా ఫైలు తహశీల్దారు కార్యాలయంలో ఉండాలి. భూమి ఇచ్చేముందు డిశ్చార్జి వివరాలు చూసేవారు కాబట్టి వాటి నకలు ఫైల్లో దొరికే అవకాశం ఉంది. పతకాలు ఉంటే వాటి అంచులూ వెనక వైపూ వెలుతురులో తిప్పి చూడండి. భారత సైనికులకిచ్చిన పతకాల్లో కొన్నింటి మీద నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. మెరుగు పెట్టించే పని మాత్రం పెట్టుకోకండి, ఆ అక్షరాలు అరిగిపోతాయి.

పేరుతో వెతికితే ఏమీ రావడం లేదు, ఎందుకు?

మన వాళ్ల విషయంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. పేరు రాసుకున్న గుమాస్తా తెలుగువాడు కాకపోవచ్చు. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాసేశాడు. అప్పలస్వామి "అప్పలసామి" అవుతాడు, నరసింహులు "నర్సిమ్లూ" అవుతాడు, నాయుడు "నాయుడూ" అవుతాడు. ఇంటిపేరు చాలాసార్లు అసలే ఉండదు, ఉంటే ముందో వెనకో ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. కొందరి పేరు పక్కన తండ్రి పేరే ఇంటిపేరులా కూర్చుంటుంది. ఆ రోజుల్లో కులం చూసి సైన్యంలో చేర్చుకునేవారు కాబట్టి కొందరు వేరే కులం పేరు చెప్పి చేరారు, వయసు తక్కువై కొందరు రెండేళ్లు కలిపి చెప్పారు. ఇంట్లో చెప్పకుండా పారిపోయి చేరినవాళ్లు పేరే మార్చుకున్న సందర్భాలూ ఉన్నాయి.

అందుకని పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా రాయవచ్చో ఒక కాగితం మీద రాసుకోండి. మా తాతగారి పేరుకు మేం పద్నాలుగు రూపాలు రాశాం. పదకొండోది తగిలింది. సరిచూసుకోవడానికి తండ్రి పేరు, ఊరు రెండూ కలవాలి. పేరొక్కటే కలిసిందని సంబరపడితే ఇంకెవరి తాతనో ఇంటికి తెచ్చుకుంటాం.

ఊరు పేరు కూడా ఇలాగే మారుతుందా?

ఊరూ మారుతుంది, జిల్లా కూడా మారుతుంది. ఆనాటి కాగితాల్లో శ్రీకాకుళం "చికాకోల్", విశాఖపట్నం "విజగపటం", భీమిలి "బిమ్లిపటం", కాకినాడ "కొకనాడ", ఏలూరు "ఎల్లోర్", మచిలీపట్నం "మసులిపటం", కృష్ణా "కిస్త్నా", కడప "కడ్డపా". విజయవాడ అని వెతికితే రాదు, బెజవాడ అని వెతకాలి.

జిల్లాల సంగతి ఇంకా ముఖ్యం. శ్రీకాకుళం జిల్లా 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. 1942లో ఒంగోలు మనిషి గుంటూరు జిల్లావాడు, కందుకూరు మనిషి నెల్లూరు జిల్లావాడు, మార్కాపురం మనిషి కర్నూలు జిల్లావాడు. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు ఉన్నవి తాలూకాలే. దరఖాస్తులో ఇప్పటి మండలం రాసి ఊరుకుంటే అవతలి మనిషి పాత రిజిస్టరులో దాన్ని పోల్చుకోలేడు. ఆనాటి తాలూకా, ఆనాటి జిల్లా రాసి, పక్కన ఇప్పటి పేరు కూడా ఇవ్వండి.

తెలుగువాళ్లు ఎక్కువగా ఏ దళాల్లో ఉండేవారు?

చాలామంది తుపాకీ పట్టిన పదాతి దళాల్లో లేరు. బ్రిటిష్‌వాళ్లు "యుద్ధజాతులు" అని ఒక సిద్ధాంతం పెట్టుకుని దక్షిణాది పదాతి పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు. యుద్ధం ముదిరాక 1941లో మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. మధ్యకాలమంతా మనవాళ్లకు గట్టి ఆధారం బెంగళూరులోని మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్. వంతెనలు కట్టడం, బాంబులు తీయడం, రోడ్లు వేయడం వాళ్ల పని. మిగిలినవాళ్లు సరఫరా రవాణా చూసే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, పయనీర్ కోర్, ఆసుపత్రి దళం, సిగ్నల్స్, ఆయుధ సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్, 1943లో పుట్టిన ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ (ఈఎంఈ) లాంటి వాటిలో డ్రైవర్లుగా, మెకానిక్కులుగా, వంటవాళ్లుగా, నర్సింగ్ సిపాయిలుగా చేశారు. "మా తాత వంటవాడే, సైనికుడు కాదు" అని కొందరు తేలిగ్గా అంటారు. వంటవాడికీ నంబరుంది, రికార్డుంది. ఖైదులో ఆకలి ఆయనకూ ఒకటే.

"హైదరాబాద్ రెజిమెంట్" అని ఇంట్లో చెబుతారు. అదేది?

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఆ పేరుతో రెండు వేర్వేరు సైన్యాలు ఉన్నాయి. మొదటిది 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఒకప్పటి నిజాం కంటింజెంట్ నుంచి పుట్టింది కాబట్టి ఆ పేరు మిగిలింది, యుద్ధం నాటికి అందులో ఉన్నది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు, దాని రికార్డులు రాణిఖేత్‌లో ఉంటాయి. రెండోది నిజాం ప్రభువు సొంత సైన్యం, హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్. అందులోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయా (ఇప్పటి మలేసియా) లోని కోటా బారు విమానాశ్రయానికి కాపలాగా ఉంది. జపాన్ సైన్యం మలయాలో మొదట దిగింది ఆ తీరంలోనే.

మీ తాతగారిది తెలంగాణ ఊరైతే రెండోదే అయ్యే అవకాశం ఎక్కువ. నిజాం కాలపు ప్రభుత్వ కాగితాల కోసం హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడివి ఎక్కువగా ఉర్దూ, పారశీకంలో ఉంటాయి, చదవగలిగిన మనిషిని తోడు తీసుకెళ్లండి.

రికార్డు ఆఫీసుకు ఎలా రాయాలి?

భారత సైన్యంలో ప్రతి రెజిమెంటుకూ, ప్రతి కోర్‌కూ సొంత రికార్డు ఆఫీసు ఉంటుంది. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ శాపర్స్‌ది బెంగళూరులో, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ దళాలవి సికింద్రాబాద్‌లో, ఆర్టిలరీది నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్‌ది జబల్పూర్‌లో, మెడికల్ కోర్‌ది లక్నోలో. దేశ విభజనలో 1వ, 8వ, 14వ, 15వ, 16వ పంజాబ్ రెజిమెంట్ల లాంటివి పాకిస్తాన్‌కు వెళ్లిపోయాయి. మనవాళ్లు ఆ దళాల్లో చేరడం అరుదు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం మంచి పద్ధతి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. తప్పు ఆఫీసుకు వెళ్లినా సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే సరైన చోటికి బదిలీ చేయాలి. "మా తాత గురించి ఉన్న సమాచారమంతా ఇవ్వండి" అని మాత్రం రాయకండి. అంత వెడల్పు ప్రశ్నకు "దొరకలేదు" అన్న జవాబు చాలా సులువు. నంబరు, హోదా, పేరు, దాని ఇతర రూపాలు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, చేరిన ఏడాది, వచ్చేసిన ఏడాది సుమారుగా రాసి, లాంగ్ రోల్‌లో (దళంలో చేరినవాళ్లందరి రిజిస్టరు) ఆయన వరుస నకలు, షీట్ రోల్ (ఆయన ఒక్కరి సర్వీసు కాగితం) ఉంటే దాని నకలు, ఖైదు గురించి పార్ట్ 2 ఆర్డర్లలో (సైనికుడి సర్వీసులో మార్పులు నమోదు చేసే ఆదేశాలు) ఉన్న నమోదు అని పేరుపేరునా అడగండి. మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వం చూపే కాగితాలు, ఆయన మరణ ధ్రువపత్రం జతచేయండి.

"రికార్డులు ధ్వంసం చేశాం" అని జవాబొచ్చింది. నిజమేనా?

చాలావరకు నిజమే. పింఛను రాని సైనికుల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేయడానికి సైనిక నిబంధనలు అనుమతిస్తాయి. యుద్ధం కోసం చేరి, యుద్ధం ముగిశాక ఇంటికి పంపేసిన లక్షల మంది ఆ కోవలోకే వస్తారు. నాకూ మొదటి జవాబు అదే వచ్చింది. ఆ రోజు ఆ ఉత్తరం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

కానీ లాంగ్ రోల్ వేరు. అది దళంలో చేరిన ప్రతి మనిషినీ వరుసగా ఎక్కించిన రిజిస్టరు, దాన్ని ఉంచుతారు. కాబట్టి ధ్వంసమన్న జవాబొస్తే మొదటి అప్పీలు వేసి, "షీట్ రోల్ లేకపోతే లాంగ్ రోల్ నమోదైనా ఇవ్వండి" అని అడగండి. అప్పీలుకు 30 రోజుల గడువుంది. మా విషయంలో అప్పీలు తర్వాతే ఒక్క వరుస వచ్చింది. అందులో నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, తీసేసిన తేదీ, కారణం ఉన్నాయి. ఒక్క వరుసే, అయినా ఆ తర్వాతి పనంతా దాని మీదే నడిచింది.

బ్రిటన్‌లో ఉంటాయంటారు కదా?

బ్రిటిష్ సైనికుల వ్యక్తిగత ఫైళ్లు అక్కడుంటాయి, భారత సిపాయిలవి ఉండవు. బ్రిటన్ రక్షణ శాఖకు దరఖాస్తు పెట్టి డబ్బు పోగొట్టుకోకండి. ఆయన ఆఫీసరైతే మాత్రం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు చూడాలి.

సిపాయిల కుటుంబాలకు అక్కడ ఉపయోగపడేవి యూనిట్ల వార్ డైరీలు. లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా డైరీలు డబ్ల్యూఓ 169 వరుసలో, ఇటలీవి డబ్ల్యూఓ 170లో, ఆగ్నేయాసియావి డబ్ల్యూఓ 172లో ఉంటాయి. వాటిలో సిపాయి పేరు దొరకడం అరుదు. కానీ మీ తాతగారి కంపెనీ ఏ తేదీన ఏ వంతెన దగ్గరుంది, ఎప్పుడు చుట్టుముట్టారు అన్నది రోజువారీగా ఉంటుంది. దళం పేరు తెలిస్తే ఆయన నడిచిన దారి తెలిసినట్టే.

సింగపూర్‌లో చిక్కినవాళ్లకు ఏమైంది?

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత, 17న, భారత సైనికులను ఆంగ్లేయుల నుంచి వేరుచేసి ఫారర్ పార్కు మైదానంలో జపాన్ సైన్యానికి అప్పగించారు. అక్కడ 40 వేల మందికి పైగా ఉన్నారు. జపాన్ తరఫున మేజర్ ఫుజివారా, ఆ తర్వాత అంతకుముందే మలయాలో జపాన్‌కు చిక్కిన భారత అధికారి కెప్టెన్ మోహన్ సింగ్ మాట్లాడి, ఆజాద్ హింద్ ఫౌజులో చేరమన్నారు. ఆ రోజు నుంచి మనవాళ్ల దారులు విడిపోయాయి.

కొందరు ఫౌజులో చేరారు. కొందరు చేరకుండా నీసూన్, సెలెతార్, బిదాదరి లాంటి శిబిరాల్లో మిగిలారు. 1942 డిసెంబరులో మోహన్ సింగ్‌కూ జపాన్‌కూ చెడి ఆయన్ను అరెస్టు చేశారు, ఫౌజు చెదిరింది. 1943 జూలైలో సుభాష్ చంద్ర బోస్ వచ్చి మళ్లీ నిలబెట్టారు. చేరనివాళ్లలో వేల మందిని 1943లో ఓడల్లో కుక్కి న్యూ గినీ, న్యూ బ్రిటన్, బోర్నియో దీవులకు కూలి పనికి పంపారు. ఈ భాగం మన ఇళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు. న్యూ గినీలోని వెవాక్ వైపు వెళ్లిన దాదాపు మూడు వేల మందిలో బతికి బయటపడ్డవాళ్లు చాలా కొద్దిమంది. ఆకలి, మలేరియా, బెరిబెరి, దెబ్బలు, పైనుంచి మిత్రదేశాల బాంబులే అంతమందిని చంపాయి. బతికినవాళ్లలో ఒకరైన జమేదార్ చింత్ సింగ్ తర్వాత యుద్ధ నేరాల విచారణలో సాక్ష్యం చెప్పారు.

అందుకని "సింగపూర్‌లో దొరికిపోయాడు, తిరిగి రాలేదు" అని మీ ఇంట్లో చెప్పుకుంటుంటే సింగపూర్ దగ్గరే ఆగకండి. ఆ దీవుల్లో ఖైదీలను విడిపించింది ఆస్ట్రేలియా సైన్యం. యుద్ధ నేరాల విచారణ ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఉన్నాయి, చాలావాటిని స్కాన్ చేసి పెట్టారు. విడుదలైన భారత ఖైదీల ఫోటోలు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అవి చూసేముందు గుండె చిక్కబట్టుకోండి. ఎముకల గూళ్లలా ఉన్న ఆ మనుషుల్లో ఒకరు మన మనిషి కావచ్చు.

హాంకాంగ్‌లో చిక్కినవాళ్ల కథ వేరు. అది 1941 డిసెంబరు 25న లొంగిపోయింది, భారత ఖైదీలను మా తౌ చుంగ్ శిబిరంలో ఉంచారు.

ఎడారిలో చిక్కాడంటారు. అది ఎక్కడ?

ఉత్తర ఆఫ్రికా అయి ఉంటుంది. 1941 ఏప్రిల్‌లో లిబియాలోని మెకిలి దగ్గర, 1942 జూన్ 21న తోబ్రుక్ పడిపోయినప్పుడు భారత సైనికులు పెద్ద సంఖ్యలో పట్టుబడ్డారు. అక్కడి నుంచి ఇటలీకి తరలించారు. అవెజ్జానోలోని 91వ నంబరు శిబిరం భారత సిపాయిలది. 1943 సెప్టెంబరు 8న ఇటలీ లొంగిపోగానే కొందరు కొండల్లోకి పారిపోయారు, అక్కడి రైతులు వాళ్లను దాచి తిండి పెట్టారు. దొరికినవాళ్లను జర్మన్లు ఉత్తరానికి తీసుకుపోయారు. ఫ్రాన్స్‌లోని ఎపినాల్ శిబిరం మీద 1944 మే 11న బాంబులు పడ్డాయి. ఆ గందరగోళంలో పారిపోయినవాళ్లలో వందల మంది భారతీయులు నడుచుకుంటూ స్విట్జర్లాండ్ చేరుకున్నారు.

ఐరోపా ఖైదీల జాడ జపాన్ ఖైదీల జాడ కన్నా తేలిగ్గా దొరుకుతుంది. ఉత్తరాలు నడిచాయి, రెడ్ క్రాస్ పార్సిళ్లు అందాయి, జాబితాలు జెనీవాకు వెళ్లాయి. జపాన్ 1929 నాటి జెనీవా ఒప్పందం మీద సంతకం పెట్టినా దాన్ని ఆమోదించలేదు, జాబితాలు సరిగా పంపలేదు.

రెడ్ క్రాస్‌ను ఎలా అడగాలి?

జెనీవాలోని అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ ఆర్కైవ్స్‌కు వాళ్ల వెబ్‌సైట్‌లోని ఫారం ద్వారా రాయాలి. అది ఎప్పుడూ తెరిచి ఉండదు. పరిమిత సంఖ్యలో దరఖాస్తులు తీసుకుని మూసేస్తారు. తెరిచే తేదీ ముందే చూసుకుని, వివరాలన్నీ సిద్ధం చేసుకుని, తెరిచిన రోజే పంపండి. జవాబుకు నెలలు పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు ఖైదీల కార్డులైతే ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, మీ అంతట మీరే చూడవచ్చు.

ఆయన ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది?

నన్ను అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. కొందరు ఉన్నారని వినాలనుకుంటారు, కొందరు లేరని వినాలనుకుంటారు. కాగితం మీరు కోరుకున్నది చెప్పకపోవచ్చు, దానికి ముందే సిద్ధపడండి.

యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన ఖైదీలను బ్రిటిష్ అధికారులు ప్రశ్నించి మూడు రకాలుగా విడదీశారు. ఫౌజులో చేరకుండా నిలబడ్డవాళ్లు "వైట్", చేరినా తప్పుదారి పట్టారని భావించినవాళ్లు "గ్రే", నమ్మి చేరినవాళ్లు "బ్లాక్". బెంగాల్‌లోని ఝికర్‌గాఛా, నీల్‌గంజ్ లాంటి శిబిరాల్లో వాళ్లను ఉంచారు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఫౌజు అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల విచారణ మొదలైంది. బ్లాక్ అన్నవాళ్లను ఖైదు కాలపు జీతం కోసేసి సైన్యం నుంచి తీసేశారు. స్వాతంత్ర్యం వచ్చాకా వాళ్లను తిరిగి సైన్యంలోకి తీసుకోలేదు. మీ తాతగారి లాంగ్ రోల్‌లో "డిశ్చార్జి" బదులు "డిస్మిస్" అని ఉంటే, తేదీ 1945-46 ప్రాంతమైతే, ఇది గుర్తుంచుకోండి. అది దొంగతనానికో తాగుడికో పడ్డ శిక్ష అనుకుని ఒక కుటుంబం ఆ కాగితాన్ని దశాబ్దాలు దాచిపెట్టింది.

ఆధారాలు రెండు చోట్ల ఉంటాయి. రక్షణ శాఖ 1997లో ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు ఆజాద్ హింద్ ఫౌజు ఫైళ్లు 990 అప్పగించింది. అభిలేఖ్ పటల్ అన్న వాళ్ల వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. రెండోది స్వాతంత్ర్య సమరయోధుల పింఛను. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ పథకం ఫౌజు సైనికులకూ వర్తించింది. ఆయన దరఖాస్తు పెట్టుకుని ఉంటే కలెక్టరేట్‌లో ఫైలు ఉంటుంది. తాను ఏ శిబిరంలో ఎన్నాళ్లున్నాడో, సాక్షులుగా ఏ తోటి ఖైదీలున్నారో ఆయన సొంత మాటల్లో దొరికే చోటు బహుశా అదొక్కటే.

ఒక మాట చెప్పాలి. చేరినవాళ్లందరూ ఒకే కారణంతో చేరలేదు. దేశం కోసం చేరినవాళ్లున్నారు, తమ కింది సిపాయిల ప్రాణాలు కాపాడటానికి చేరినవాళ్లున్నారు, ఆకలికి చేరినవాళ్లున్నారు. చేరనివాళ్లూ అంతే. తిన్న ఉప్పుకు కట్టుబడ్డవాళ్లు కొందరు, జపాన్‌ను నమ్మనివాళ్లు కొందరు, ఆ మాటకు న్యూ గినీలో ప్రాణాలిచ్చినవాళ్లు వేలు. 80 ఏళ్ల తర్వాత అన్నం తిని కూర్చుని వాళ్లలో ఎవరు గొప్ప అని తీర్పు చెప్పే అర్హత నాకైతే లేదు.

పతకాలను బట్టి ఏమైనా తెలుస్తుందా?

ఎక్కడ పనిచేశారో తెలుస్తుంది. ఆఫ్రికా స్టార్ ఉంటే 1940 జూన్, 1943 మేల మధ్య ఉత్తర, తూర్పు ఆఫ్రికా వైపు ఉన్నట్టు. పసిఫిక్ స్టార్ ఉంటే మలయా, సింగపూర్, హాంకాంగ్ వైపు. బర్మా స్టార్, ఇటలీ స్టార్ పేరులోనే చెబుతాయి. వార్ మెడల్ ఒక్కటే ఉంటే పెద్దగా ఏమీ తేలదు.

పాత కార్డు మీద అర్థం కాని ముద్రలున్నాయి. పారేయనా?

దయచేసి పారేయకండి. ఆ ముద్రలు ఉత్తరం కన్నా ఎక్కువ చెబుతాయి. "పి.జి." పక్కన అంకె ఉంటే అది ఇటలీ శిబిరం నంబరు. "స్టాలాగ్" అని ఉంటే జర్మనీ శిబిరం. "క్రీగ్స్‌గెఫాంగనెన్‌పోస్ట్" అంటే జర్మన్‌లో యుద్ధఖైదీల తపాలా. ఎఫ్.పి.ఓ. (సైన్యపు ఫీల్డ్ పోస్టాఫీసు) నంబరు ఉంటే చిక్కకముందు ఆయన ఏ ప్రాంతంలో ఉన్నారో తేల్చవచ్చు. రెండు వైపులా ఫోటో తీసి, కార్డును ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితం కవరులో ఉంచండి.

ఆయన సైనికుడు కాదు, మలయా రబ్బరు తోటల్లో కూలీ. "డెత్ రైల్వే"కి పట్టుకుపోయారట.

అలాంటి తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్ల వెతుకులాటే అన్నిటికన్నా కష్టం. బర్మా, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని జపాన్ 1942-43లో కట్టించింది. దాదాపు 60 వేల మంది మిత్రదేశాల ఖైదీలతో పాటు రెండు లక్షలకు పైగా ఆసియా కూలీలు అక్కడ పనిచేశారు. మలయా తోటల నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు వాళ్లలో పెద్ద భాగం. సైనికుల పేర్లు రాసిపెట్టినట్టు కూలీల పేర్లు ఎవరూ రాయలేదు. సైనిక రికార్డుల్లో వాళ్లు దొరకరు. తోట పేరు, వలస వెళ్లిన ఓడ, తీసుకెళ్లిన కంగాణీ లేదా మేస్త్రీ పేరు, అక్కడే మిగిలిపోయిన బంధువుల కుటుంబాలు, వీటి మీద ఆధారపడాలి. మలేసియాలో ఉన్న మూడో తరం తెలుగువాళ్లతో ఫోన్లో మాట్లాడటం ఏ ఆర్కైవ్ కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

1962లో చైనాకు చిక్కిన నాన్నగారి గురించి కూడా ఇలాగే వెతకాలా?

అంత కష్టం ఉండదు. పింఛను వచ్చిందంటే రికార్డు ఆఫీసులో ఫైలు ఉంటుంది, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరుతో అడగండి.

ఆయన తిరిగి రాలేదు. సమాధి ఉంటుందా?

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సర్వీసులో చనిపోయిన భారత సైనికులు దాదాపు 87 వేల మంది పేర్లు వాళ్ల దగ్గరున్నాయి. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఇచ్చారు. పేరుతో రాకపోతే "అదనపు వివరాలు" వెతికే చోట ఊరు పేరు పాత స్పెల్లింగులో కొట్టి చూడండి. మాకు అలాగే దొరికింది.

హిందూ సైనికులకు విడిగా సమాధులు తక్కువ. దహనం చేసినవాళ్ల పేర్లు, ఆచూకీ లేనివాళ్ల పేర్లు స్మారకాల మీద చెక్కారు. సింగపూర్‌లోని క్రాంజీ శ్మశానంలో సింగపూర్ మెమోరియల్ మీద 24 వేలకు పైగా పేర్లున్నాయి, దహనం చేసినవాళ్లకు అక్కడే వేరే స్మారకం ఉంది. బర్మాలోని తౌక్యాన్‌లో రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27 వేల పేర్లు. న్యూ గినీ, న్యూ బ్రిటన్‌లలో చనిపోయినవాళ్ల కోసం లే, రబౌల్ శ్మశానాలు చూడాలి. ఆఫ్రికాలో చనిపోయినవాళ్ల కోసం ఈజిప్టులోని అలమేన్ స్మారకం.

పేరు తప్పుగా చెక్కి ఉంటే కమిషన్‌కు ఆధారాలతో రాయవచ్చు, పరిశీలించి సరిచేస్తారు. వెళ్లి చూడాలనుకుంటే ప్యానెల్ లేదా కాలమ్ నంబరు ముందే రాసుకుని వెళ్లండి. క్రాంజీలో గోడలు ఎత్తుగా ఉంటాయి, పేర్లు దళాల వారీగా ఉంటాయి, నంబరు లేకుండా వెళితే పూటంతా వెతకాల్సి వస్తుంది. మా పెద్దమ్మ వెళ్లలేకపోయింది. నేను ఆ అక్షరాల మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీసి తెచ్చి ఇచ్చాను. ఇంగ్లీషు చదవడం ఆమెకు రాదు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలు పెట్టి చూపించమంది.